లోపలి మార్పుకు పూచీ

కంప్యూటర్ ప్రోగ్రామ్‌లోని క్యూ బయటి నుంచి చూసేవాళ్లకు ఒకే వరస: ముందొచ్చినది ముందు వెళ్తుంది. లోపల మాత్రం వేగం కోసం రెండు జాబితాలుంటాయి. బయటికి పోయేవి ఒకదానిలో, కొత్తగా వచ్చేవి ఇంకోదానిలో. రెండూ కలిసి ఆ ఒక్క వరసేనని పట్టుబట్టి రుజువు చేసేవాళ్ల పనితనం మెచ్చుకోదగ్గది.

1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ దీనికి దారి చూపాడు: లోపలి రూపాన్ని బయటి అర్థానికి ముడిపెట్టే ప్రమేయం ఒకటి రాయాలి. ఇక్కడ ఆ ప్రమేయం, రెండో జాబితాను తిరగేసి మొదటిదాని చివర కలపడం. మొదటిదానిలో 1, 2, రెండోదానిలో 4, 3 ఉంటే అసలు వరస 1, 2, 3, 4. కొత్తగా వచ్చిన 5 రెండోదాని మొదట్లో చేరుతుంది. తిరగేసి కలిపితే సరిగ్గా చివరికే వస్తుంది. మొదటిది ఖాళీ అయితే రెండోదాన్ని తిరగేసి అందులోకి మారుస్తారు. జాబితాలు తారుమారైనా వరస చెక్కుచెదరదు. ఇలా ప్రతి చర్యకూ ఒక రుజువు కావాలి. పరీక్షలు కొన్ని సందర్భాలనే చూస్తాయి, రుజువు అన్నిటికీ పూచీ పడుతుంది.

ఈ పనికి ఓపిక ఎంత కావాలో ఎస్ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌ను చూస్తే తెలుస్తుంది. దాని గురించి ఆస్ట్రేలియా పరిశోధకులు 2009లో ప్రకటించిన రుజువు దాదాపు 2 లక్షల పంక్తులు. అది సరైనదని తేల్చిన సీ కోడ్ సుమారు 8,700 పంక్తులే.

అంత రుజువు అందరివల్లా కాదు. లోపలి రూపాన్ని బయటి అర్థానికి ముడిపెట్టే ఆ ప్రమేయాన్ని మాత్రం కోడ్ పక్కన కామెంటుగానైనా రాసిపెట్టండి. మీ తర్వాత ఆ కోడ్‌ను ముట్టుకునేవాళ్లు బతికిపోతారు.