చుట్టూ నీళ్లుండక్కర్లేదు

రాబిన్ హార్డీ తీసిన ‘ది వికర్ మ్యాన్’ (1973)లో ఒక బడి సన్నివేశం ఉంది. కనిపించకుండా పోయిన పిల్లను వెతుకుతూ సీప్లేన్‌లో సమ్మర్‌ఐల్ దీవికి వచ్చిన పోలీసు సార్జెంట్ హౌయీ, ఆ పిల్ల డెస్కు మూత ఎత్తుతాడు. లోపల మేకు, మేకుకు దారం, దారం కొసన ఒక పురుగు. ఒకే వైపు తిరిగి తిరిగి, చివరికి మేకును కరుచుకునేదాకా అది నడుస్తూనే ఉంటుంది. హౌయీ కథా అంతే. ఈ సినిమాలో దెయ్యం కనబడదు. ఉన్నదల్లా ఎక్కువగా పగటి వెలుగు, జానపద పాటలు, నవ్వుతూ పలకరించే జనం. వాళ్లేదో దాస్తున్నారని మాత్రం మనకు అర్థమవుతూ ఉంటుంది. పంట పోయిన ఊరు దేవతలకు బలి వెతుక్కుంటోందని తెలిసేసరికి దారం అయిపోతుంది. తమాషా ఏమిటంటే, ఈ దీవిని చాలావరకు స్కాట్లండ్ ప్రధాన భూభాగంలోని ఊళ్లలోనే తీశారు. అదీ 1972 అక్టోబరులో మొదలుపెట్టి, వసంతంలా కనబడాలని చెట్లకు ఉత్తుత్తి పూలు అతికించి! దీవికి కావలసింది సముద్రం కాదు, తిరిగి వెళ్లే దారి మూసుకుపోవడం.

ఆ దారి మూయడం మనకూ చేతనవునని కార్తీక్ దండు ‘విరూపాక్ష’ (2023)తో తేలింది. రుద్రవనం అనే ఊళ్లో చావులు మొదలవగానే అష్టదిగ్బంధనం పేరుతో పొలిమేర మూసేస్తారు. ఉన్నవాడు బయటికి పోకూడదు, పోయినవాడు లోపలికి రాకూడదు. నడిచే నేల మీదే ఊరు దీవైపోయింది. పైగా, హౌయీని కాల్చడంతో అక్కడ కథ ముగిస్తే, చేతబడి చేస్తున్నారని ఆలుమగల్ని ఊరు సజీవంగా తగలబెట్టడంతో ఇక్కడ కథ మొదలవుతుంది. ఇంత బలమైన ఎత్తుగడ తర్వాత సినిమా క్షుద్రశక్తి నిజమేనని తేల్చి, నిప్పు పెట్టిన చేతుల కన్నా శాపం మీదే కన్నేసింది. నా లెక్కలో అక్కడే జారింది.

‘విశాఖ జగదాంబ థియేటర్లో టికెట్టు కొన్నవాడికి దెయ్యం కావాలి, ఈ యూరప్ నీతులెందుకు?’ అనొచ్చు. నీతి సంగతి వదిలేద్దాం, భయం లెక్కే చూద్దాం. తప్పు దెయ్యానిదైతే మంత్రంతో వదులుతుంది, మనం పార్కింగులో బండి తీసేసరికి భయమూ వదులుతుంది. తప్పు పొరుగువాడిదైతే అది మనతో ఇంటిదాకా వస్తుంది. మనుషులే భయపెడితే అది హారర్ కాదు, క్రైమ్ అంటారు ఇంకొందరు. క్రైమ్‌లో నేరస్థుడు దాక్కుంటాడు. ఇక్కడ ఊరంతా కలిసి, పాట పాడుతూ, పుణ్యమనుకుని చంపుతుంది. ఆ తేడా చాలు.

విశాఖకు ఇది దూరపు సంగతి కాదు. చిల్లంగి (చేతబడి) పెట్టాడన్న అనుమానంతో మనిషిని చంపిన కేసులు మన మన్యంలో పోలీసు రికార్డులకెక్కాయి. జ్వరమొచ్చి ఒకరు పోతారు, ఒక పేరు గుసగుసగా తిరుగుతుంది, ఆ పేరుగలవాడికి ఊళ్లో దారులన్నీ మూసుకుపోతాయి. లంబసింగి మంచు కోసం కెమెరా పట్టుకుని ఘాట్ ఎక్కే దర్శకులకు ఒక మనవి: ఈసారి మంత్రగాణ్ని కొండకింద దింపేసి వెళ్లండి.