పరాయి గొంతుతో పలికిన శారద

తెలుగునాట పుట్టి, దేశం మొత్తం మీద ఉత్తమ నటిగా మూడుసార్లు జాతీయ బహుమతి అందుకున్న మనిషి ఎవరని అడిగితే పిల్లలే కాదు, పెద్దలు కూడా కాసేపు తడుముకుంటారు. ఆమె శారద. 1968 సంవత్సరానికి ‘తులాభారం’, 1972కు ‘స్వయంవరం’, 1978కి ‘నిమజ్జనం’. ఈ మూడింటిలో మొదటి రెండూ మలయాళ చిత్రాలు. తెలుగు చిత్రం చివరిది ఒక్కటే. తెనాలి పిల్లకు గొప్ప నటి అన్న పేరు ముందు కేరళలో వచ్చి, తర్వాత మన దగ్గరకు చేరింది. అదెందుకలా జరిగిందన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

సాస్తి, రాజురా, బల్లార్‌పూర్ ప్రాంతాల్లో ఉంటున్న మనకు ఇది వట్టి సినిమా ముచ్చట కాదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గని దగ్గరా బజారులోనూ హిందీ. 1956 దాకా రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. కొందరు ఊరు కదలకుండానే వేరే భాషా రాష్ట్రంలోకి వచ్చిపడ్డారు, మరికొందరు బొగ్గు గనుల్లో పని కోసం గోదావరి దాటి వచ్చారు. ఎలా వచ్చినా, తనది కాని భాషలో మనిషి తన విలువ నిలబెట్టుకోగలడా అన్న ప్రశ్న మనకు తప్పలేదు. శారద నట జీవితాన్ని ఆ ప్రశ్నతో చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి.

ఆమె 1945లో తెనాలిలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు సరస్వతీదేవి. చిన్నతనంలోనే మద్రాసులో అమ్మమ్మ దగ్గరికి చేరి నాట్యం నేర్చుకుంది, నాటకాల్లో వేసింది. 1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’ చిత్రంలో బాలనటిగా కనిపించింది. సినిమా రంగంలో అప్పటికే సరస్వతులు ఉన్నందువల్ల పేరు శారద అయింది. పేరు మారినా దేవత మారలేదు. రెండూ చదువుల తల్లి పేర్లే, వాక్కుకు అధిదేవత పేర్లే. ఆ పేరు పెట్టుకున్న మనిషి తన కీర్తిలో పెద్ద భాగాన్ని ఇంకొకరి వాక్కుతో సంపాదించుకోవలసి వచ్చింది.

ఎల్.వి. ప్రసాద్ గారి దగ్గర శిక్షణ పొందాక, 1961లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘ఇద్దరు మిత్రులు’తో తెలుగు ప్రేక్షకులు ఆమెను గుర్తుపట్టారు. కానీ ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆమె స్థాయికి తగిన వేషం తెలుగులో పడలేదు. 1965లో కుంచాకో ‘ఇణప్రావుగళ్’తో మలయాళంలోకి తీసుకువెళ్ళాడు. అదే ఏడు ఎ. విన్సెంట్ దర్శకత్వంలో ‘మురప్పెణ్ణు’ వచ్చింది. మురప్పెణ్ణు అంటే వరసైన పిల్ల, మన మాటల్లో మేనమరదలు. రచన ఎం.టి. వాసుదేవన్ నాయర్‌ది. భాష కొత్తదే గాని మేనరికం తెనాలి పిల్లకు కొత్త కాదు. పెద్దవాళ్ళ లెక్కల్లో నలిగిపోయే మరదలి మౌనానికి నిఘంటువు అక్కరలేదు. 1967లో పి. భాస్కరన్ తీసిన ‘ఇరుట్టింటె ఆత్మావు’ కూడా ఎం.టి. రచనే. పిచ్చివాడని ఇంటిల్లిపాదీ తరిమే వేలాయుధన్‌గా ప్రేమ్ నజీర్, అతన్ని మనిషిగా చూసే ఒకే ఒక్క మరదలుగా శారద. చివరికి తనను గొలుసులతో కట్టెయ్యమని వాడే అడిగే దుస్థితి వస్తుంది. ఆ కథలో దయ అనేదానికి ముఖం శారదే.

‘తులాభారం’ తోప్పిల్ భాసి నాటకం. దాన్నీ విన్సెంటే తెరకెక్కించాడు. బాగా బతికిన ఇంటి ఆడపిల్ల విజయ పేద కార్మికుణ్ణి పెళ్ళాడుతుంది. కార్మికుల పోరాటంలో భర్త హతమవుతాడు. ఆకలికి తాళలేక పిల్లలకు విషమిస్తుంది. పిల్లలు పోతారు, తాను మిగులుతుంది, బోనెక్కుతుంది. నేరం ఆమెదా, ఆమెనంతదాకా తెచ్చినవాళ్ళదా అన్నది నాటకం వేసే ప్రశ్న. 1967 చిత్రాలతో మొదలైన జాతీయ నటీనటుల బహుమతుల్లో నటికిచ్చేదానికి అప్పట్లో ‘ఊర్వశి’ అని పేరు. మొదటిది నర్గీస్‌కు వస్తే, మరుసటి ఏటిది ఈ విజయ పాత్రకు శారదకు వచ్చింది. అప్పటినుంచి ఆమె ఊర్వశి శారద అయింది. ఇదే కథ తమిళంలో ‘తులాభారం’గా, తెలుగులో ‘మనుషులు మారాలి’గా, హిందీలో ‘సమాజ్ కో బదల్ డాలో’గా 1969, 70ల్లో వచ్చింది. నాలుగు భాషల్లోనూ విజయ శారదే.

* * *

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మలయాళంలో శారద పాత్రలు చాలావాటికి గొంతు ఆమెది కాదు. టి.ఆర్. ఓమన అనే నటి ఆమెకు గాత్రదానం చేసేది. మలయాళీలు ‘దుఃఖపుత్రి’ అని పిలుచుకున్న ఆ స్త్రీ నిజానికి ఇద్దరు మనుషుల కూర్పు. కన్నీరు తెనాలిది, ఆ కన్నీటి వెనక మాట కేరళది. బహుమతి పత్రం మీద ఒక్క పేరే ఉంటుంది. అరువిచ్చిన గొంతుకు మన దేశంలో ఎన్నడూ తగిన గౌరవం దక్కలేదు. శారదను మెచ్చుకునేవాళ్ళు ఓమనను కూడా తలుచుకోవడం న్యాయం.

ఇది తెలిసినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. గొంతు లేని నటన సగం నటనే కదా అంటారు కొందరు. భాష రాకపోయినా బహుమతి వచ్చింది గనుక కళకు భాషతో పని లేదంటారు మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే.

మొదటి మాటకు సమాధానం ఆమె సినిమాలే. గొంతు తనది కాదని ముందే తెలిసిన నటి మాట మీద ఆధారపడదు. శారద నటనలో అసలు పని మాటకు ముందూ మాట అయిపోయాకా జరుగుతుంది. ఎదుటివాడు చెప్పేది వినేటప్పుడు ఆమె ముఖంలో జరిగేది చూడండి. వినడం అనే పనిని అంత నిండుగా చేసిన నటులు మన తెరమీద తక్కువ. 1972లో అడూర్ గోపాలకృష్ణన్ తన తొలి చిత్రం ‘స్వయంవరం’కు ఆమెను తీసుకోవడం వల్ల ఈ గుణం పూర్తిగా బయటపడింది. పెద్దల్ని కాదని ఇల్లు విడిచి వచ్చిన విశ్వం, సీత బస్సులో పట్నానికి వెళుతుండగా సినిమా మొదలవుతుంది. చాలాసేపు మాటల్లేవు. కిటికీలోంచి వచ్చే గాలి, పక్క మనిషి భుజం, కొత్త బతుకు మీద ఆశ, కాస్త బెదురు అన్నీ ఆ ముఖం మీదే చదువుకోవాలి. తర్వాత ఉద్యోగం దొరకదు, దొరికినది చాలదు, ఇళ్ళు మారుతూ చిన్నవవుతాయి. భర్త పోతాడు. చేతిలో పసిబిడ్డతో సీత మూసిన తలుపు వంక చూస్తూ ఉండగా కథ ఆగుతుంది. వెనక్కి వెళ్ళిపోతుందా, ఇక్కడే నిలబడుతుందా అన్నది దర్శకుడు చెప్పడు. ఆ చూపులో భయం ఉంది, మొండితనం కూడా ఉంది. ఏదో ఒకటే అని తేల్చేస్తే ఆ చిత్రం చిన్నదైపోయేది.

1981లో అదే దర్శకుడి ‘ఎలిప్పత్తాయం’ వచ్చింది. ఎలుకల బోను అని అర్థం. కూలిపోతున్న పాతకాలపు భూస్వామి ఇంట్లో కాలు కదపని అన్న, అతనికి చాకిరీ చేస్తూ పెళ్ళి లేకుండా ఉండిపోయిన చెల్లెలు రాజమ్మ. ఈ చిత్రానికి 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సదర్లాండ్ ట్రోఫీ వచ్చింది. ఇంట్లోని ముగ్గురు తోబుట్టువులైన ఆడవాళ్ళకు అడూర్ మూడు రంగులు కేటాయించాడు. రాజమ్మది నీలం. శారద ఇందులో ఏడవదు. వంచిన నడుము, తడి చేతులు, కడుపునొప్పిని ఎవరికీ కనబడకుండా దాచుకునే తీరు, ఇవే ఆమె సంభాషణలు. దుఃఖపుత్రి అన్న బిరుదును ఆమే దాటిపోయిన చిత్రం ఇది. నాకు మలయాళం రాదు. కింద వేసిన ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూసినవాణ్ణి. మాటల సొగసు గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయినా రాజమ్మ మా అమ్మల తరంలో ప్రతి ఇంట్లోనూ ఉండేదని గుర్తుపట్టడానికి ఆ అక్షరాలు కూడా అవసరం కాలేదు.

* * *

ఇక తెలుగు సంగతి. మన చిత్రాల్లో వినబడే గొంతు శారదదే. మంచి గొంతు. కోపంలో చీలనిది, దుఃఖంలో జారిపోనిది. ఈ గొంతు చేతికి అందినప్పుడు మనం దానితో ఏం పలికించాం?

మంచి లెక్కలు ముందు చెప్పాలి. 1973లో కె. విశ్వనాథ్ ఆమె పేరుతోనే ‘శారద’ తీశాడు. 1975లో దాసరి నారాయణరావు తీసిన ‘బలిపీఠం’ ఉంది. రంగనాయకమ్మ నవలకు అది తెరరూపం. హరిజన యువకుణ్ణి పెళ్ళాడి, అతని వాళ్ళను మాత్రం తనవాళ్ళనుకోలేక కులాహంకారంలో కాలిపోయే బ్రాహ్మణ స్త్రీ అరుణ. ప్రేక్షకుల జాలి కోసమే పుట్టిన పాత్ర కాదు, తప్పు చేసే పాత్ర. శారద ఆ తప్పును ఎక్కడా తేలిక చేయలేదు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో ద్రౌపది. ఆ తర్వాత బి.ఎస్. నారాయణ ‘నిమజ్జనం’. పుణ్యకార్యం కోసం భర్తతో బండిలో బయలుదేరిన స్త్రీ మీద ఆ బండివాడే చేసిన దారుణం, అది చెప్పుకోలేని ఆమె నరకం ఈ చిత్రానికి వస్తువు. సొంత భాషలో ఆమెకు జాతీయ బహుమతి తెచ్చిన చిత్రం మాట పైకి రాని స్త్రీ గురించి కావడం ఆలోచించదగ్గ విషయం.

ఈ కొన్ని మినహాయిస్తే, 1980ల్లో మనం ఆమెకు ఇచ్చినవి చాలావరకు రెండే అచ్చులు. త్యాగం చేసే ఇల్లాలు ఒకటి, గర్జించే న్యాయవాదో పోలీసు అధికారో మరొకటి. ‘న్యాయం కావాలి’లో న్యాయవాది పాత్రకు హాళ్ళలో చప్పట్లు మోగాయి, కాదనను. ఆడది తెరమీద గట్టిగా మాట్లాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ గట్టిగా మాట్లాడటం వేరు, మాట్లాడటానికి విషయం ఉండటం వేరు. పేజీలకు పేజీల సంభాషణలు ఆ గొంతు మీద మోపి, వినడం తెలిసిన ఆ నటికి వినే సన్నివేశాలు ఇవ్వకుండా పోయాం. మలయాళం ఆమె గొంతు పక్కన పెట్టి మనిషిని తీసుకుంది. మనం మనిషిని పక్కన పెట్టి గొంతు తీసుకున్నాం.

కారణం దర్శకుల తెలివిలో తేడా అని నేను అనుకోను. ఆమె మంచి పాత్రల వెనక ఎవరున్నారో చూడండి. ఎం.టి. వాసుదేవన్ నాయర్, తోప్పిల్ భాసి, రంగనాయకమ్మ. చిన్నప్పుడు ముఖం చూపించిన మొదటి చిత్రం కూడా గురజాడ నాటకమే. ఎక్కడ తెర వెనక సాహిత్యం నిలబడిందో అక్కడ శారదకు బతికిన స్త్రీ దొరికింది. అది మలయాళమా తెలుగా అన్నది తర్వాతి మాట. మలయాళ సినిమా ఆ రోజుల్లో తన రచయితల గుమ్మం ఎక్కడం మానలేదు, మన సినిమా తరచూ మరిచిపోయింది. కళకు భాషతో పని లేదనేవారికి నా సమాధానం కూడా ఇదే. శారదకు మలయాళం నాలుక మీద లేకపోవచ్చు, కానీ మలయాళంలో ఎవరో కూర్చుని ఆ స్త్రీలను రాశారు. ఆ భాషలో ఆ రచన జరక్కపోతే అరువివ్వడానికి ఓమన గొంతూ ఉండేది కాదు, ఏడవడానికి శారదకు కథా ఉండేది కాదు.

* * *

మన దగ్గరికి వద్దాం. బ్యాంకు కౌంటరు దగ్గర ఇప్పటికీ చూస్తుంటాను. గనిలో పనిచేసే ఇంటి తెలుగు తల్లి వస్తుంది, పక్కన బడికి వెళ్ళే కొడుకో కూతురో ఉంటారు. ఆమె చెప్పవలసింది పిల్లవాడు మరాఠీలో చెబుతాడు. ఆమె ముఖంలో ఆందోళన, వాడి నోట్లో మాట. వాడు రెండు మాటల్లో ముగించేస్తాడు. ఆమెకు చెప్పవలసింది ఇంకా మిగిలిపోయిందని చూస్తే తెలుస్తుంది. తెలుగులో పలకరిస్తే ఆ మిగిలింది బయటికి వస్తుంది. ఒక్కోసారి కాగితం మీద రాసినదానికంటే అదే ముఖ్యమైన సంగతి.

పిల్లలు మరాఠీ బాగా నేర్చుకోవాలి. ఈ నేల మీద బతుకుతూ ఈ భాష రాదనడం గొప్ప కాదు. వాళ్ళ నోట తల్లుల మాట బయటికి రావడం కూడా మంచిదే. నేను భయపడేది మరొకదానికి. అరువు గొంతు వెనక శారద ఉంది గనుక ఆ గొంతుకు అర్థం వచ్చింది. మన పిల్లల మరాఠీ వెనక, హిందీ వెనక ఇంటి నుంచి తెచ్చుకున్నదంటూ ఏదీ లేకపోతే? తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం రాని పిల్లలు మన వాడల్లో పెరుగుతున్నారు. వాళ్ళకు తెలుగు వంటింటి భాషగా మిగులుతుంది. వంటింటి భాష చిన్నదని కాదు, అందులో రాజమ్మలు ఉన్నారు. వాళ్ళ గురించి రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ లేకపోతే రాజమ్మ కడుపునొప్పి ఎవరికీ కనబడకుండానే పోతుంది.

1996లో శారద తెనాలి నుంచే లోక్‌సభకు ఎన్నికైంది. ఊరు ఆమెను మరిచిపోలేదన్నమాట. కానీ నటికి ఊరు ఇవ్వగల గౌరవం ఓటొక్కటే కాదు. ఈ చిత్రాల్లో కొన్ని ఇవాళ వెతికితే దొరుకుతాయి. ‘తులాభారం’, ‘మనుషులు మారాలి’ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకే మనిషి, ఒకే కథ, రెండు భాషలు. భర్తను పోరాటంలో పోగొట్టుకున్న కార్మికుడి భార్య కథ గని ఊళ్ళో కూర్చుని చూసేవాళ్ళకు వేరే వివరణ అక్కరలేదు. వీలైతే ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి చూడండి. చూశాక వాళ్ళేమంటారో కాస్త ఆగి వినండి.