ట్విస్ట్ ఏదిరా?

చాసో 'వాయులీనం' మొదటిసారి చదివాక, ఫ్రెండ్‌కి ఆ కథ పంపుతూ ఒక్క ముక్క రాశాను: 'మైండ్ బ్లోయింగ్'. వాడు ఆ రాత్రే చదివి అడిగాడు, "ట్విస్ట్ ఏదిరా?" తప్పు వాడిది కాదు. ఓటీటీ థ్రిల్లర్‌కీ, మండీ బిర్యానీకీ నేను వాడే మాటే అది.

జబ్బుపడ్డ భార్య కోసం ఆమె వయొలిన్ని భర్త అమ్మేస్తాడు. మైండ్ పేలిపోయేదేం లేదు. అతను దుర్మార్గుడైతే నాలుగు తిట్టి పుస్తకం మూసేసేవాణ్ణి. ప్రేమతోనే అమ్ముతాడు, అక్కడే గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. 'దిమ్మ తిరిగింది' అన్నా కుదరదు. తెలుగు మాటైనంత మాత్రాన సరిపోదు కదా.

కోడ్ చదవకుండానే 'లుక్స్ గుడ్' అని అప్రూవ్ కొట్టేస్తాం చూడండి, ఈ విశేషణమూ అంతే. ఏం చదివామో చెప్పే పని తప్పించుకోవడం. "వయొలిన్ పోయాక ఆ ఇల్లెలా ఉంటుందో ఊహించు" అని రాసుంటే వాడు ఇంకోలా చదివేవాడేమో.