చీరకెన్ని తలుపులు?

"ఓడల రాత్రి బువ్వకు మామూలు చీర కట్టుకపోతే కూచోనిస్తరా బిడ్డా?" ఆలంపూర్‌లో పరిచయమైన ఒక పెద్దమ్మ నన్నడిగిన ప్రశ్న ఇది. అమెరికాలో ఉన్న కొడుకూ కోడలూ ఆమెని విహారనౌక ఎక్కిస్తున్నారు. తెచ్చుకోవాల్సిన బట్టల గురించి ముందే చెప్పారు. అప్పటినుంచీ ఆమెకి సముద్రం కంటే భోజనాల గది మీదే బెంగ. వినడానికి చిన్న సందేహమే. కానీ మనం ఎంతో కాలంగా రాస్తూ, వాదించుకుంటూ వచ్చిన విషయాలన్నీ ఇందులో ఉన్నాయనిపించింది.

నియమాల ప్రకారం చూస్తే జవాబు సులువే. కునార్డ్ లాంటి పాతకాలపు పద్ధతులు పాటించే కంపెనీల ఓడల్లో కొన్ని రాత్రుల్ని ‘గాలా’ రాత్రులంటారు. ఆ రాత్రి ప్రధాన భోజనశాలకి మగవాళ్ళు డిన్నర్ జాకెట్లోనో ముదురు రంగు సూట్లోనో, ఆడవాళ్ళు ఈవెనింగ్ గౌను లాంటి లాంఛనపు దుస్తుల్లోనో రావాలి. జాతీయ దుస్తులకీ అనుమతి ఉంటుంది కనక పట్టుచీర దర్జాగా లోపలికి వెళుతుంది. అంత హంగు వద్దనుకునేవాళ్ళకి వేరేచోట బఫే ఉంటుంది. నార్వీజియన్ కంపెనీ అయితే 2000లోనే ఈ నిర్బంధాన్ని సడలించి, దాన్నే తన ప్రత్యేకతగా అమ్ముకుంది. అంటే, మామూలు బట్టల్లో ఉన్నవాళ్ళకి తిండి దొరుకుతుంది. ఏ గదిలో దొరుకుతుందన్నది బట్టలు తేలుస్తాయి.

అయితే పెద్దమ్మ అడిగింది పట్టుచీర గురించి కాదు, ‘మామూలు చీర’ గురించి. పెట్టెలో మడతపెట్టి ఉన్న చీర జాతీయ దుస్తులవుతుంది. కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకి చుట్టిన పనిచీరకి ఆ నియమావళిలో పేరే లేదు.

2021 సెప్టెంబరులో దక్షిణ ఢిల్లీలోని ఒక రెస్టారెంటులో, చీరని ‘స్మార్ట్ క్యాజువల్’గా లెక్కించబోమని సిబ్బంది ఒక మహిళతో అన్న వీడియో దేశమంతా తిరిగింది. జరిగినదాంట్లో అది ఒక ముక్క మాత్రమేనని యాజమాన్యం వాదించింది. ఆ తగాదా ఎలా ఉన్నా, ఆ మాట ఆలోచించదగింది. ఓడలో మహా లాంఛనంగా చెల్లే చీర, ఢిల్లీలో కనీసపు అర్హతకి కూడా నోచుకోలేదు. గుడ్డ అదే. దాన్ని కట్టుకున్న మనిషి ఎవరి లోకానికి చెందుతుందో తలుపు దగ్గరున్నవాళ్ళు నిర్ణయిస్తున్నారు.

దీనికి చట్టం మందు కాదా అంటారేమో. 2014 జూలైలో చెన్నైలో పంచె కట్టుకున్న హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్రికెట్ క్లబ్బులోకి రానివ్వలేదు. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచెనీ, ఇతర భారతీయ సంప్రదాయ దుస్తులనీ కారణంగా చూపి క్లబ్బులూ అలాంటి స్థలాలూ ఎవరినీ ఆపకూడదు. మంచిదే. కానీ ఆ చట్టం కాపాడింది సంప్రదాయాన్ని. తనకి నచ్చింది వేసుకునే మనిషిని కాదు. జీన్స్ వేసుకున్నందుకు గుమ్మం దగ్గర ఆగిపోయే అమ్మాయికి అందులో చోటు లేదు. తిరుమలలో కూడా ఆడవాళ్ళకి చీరో, లంగావోణీయో, చున్నీతో పంజాబీ డ్రస్సో తప్పదు. క్లబ్బు గుమాస్తాకి పరాయిదైన చీరే దేవస్థానం నియమంలో శీలానికి కొలమానం అవుతుంది.

భోజనానికి డ్రస్ కోడ్ ఇంగ్లీషువాళ్ళ సొత్తనుకోనక్కర్లేదు. మడి ఏమిటి మరి? ఆరేసిన చీర ఎవరూ తాకకుండా తెచ్చి కట్టుకుంటే తప్ప పొయ్యి ముట్టుకోకూడదన్న నియమాన్ని మోసింది ఆడవాళ్ళు, అందులోనూ ఎక్కువగా వితంతువులు. మడి గడప అవతల ఎవరిని నిలబెట్టిందో దళిత స్త్రీలని అడగాలి. మడి లేని ఇళ్ళలో మాత్రం? ఆయన లుంగీ బనీనులో పళ్ళెం ముందు కూర్చుంటాడు. తలుపు చప్పుడైతే నైటీలో ఉన్న ఆమె తువ్వాలు కోసం వెతుక్కుంటుంది. ‘క్యాజువల్’ అంటే బట్టల రకం అనుకుంటాం. నిజానికది ఎవరి చూపుకీ సిద్ధపడి ఉండనక్కర్లేని వెసులుబాటు. అది మగవాడికి పుట్టుకతో వస్తుంది.

మన సాహిత్యం ఈ చర్చని ఎప్పుడో మొదలుపెట్టింది. స్త్రీవాద కవిత్వం తొలిరోజుల్లో జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ రాశారు. తరవాత జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవిత ఆ వాదానికి ఎదురు నిలిచింది. పనిచేసే దళిత స్త్రీకి కొంగు గుండెల మీద కాపలా కాదని, కష్టంలో తోడుండే పనిముట్టని చెప్పింది. ఈ రెండిటినీ పక్కపక్కన చదివినప్పుడే పెద్దమ్మ ప్రశ్న పూర్తిగా అర్థమవుతుంది. పైటని వదిలించుకునే హక్కూ, చెమట తుడుచుకున్న కొంగుతోనే బల్ల దగ్గర కూర్చునే హక్కూ రెండూ కావాలి. మొదటిదే అడిగి ఊరుకుంటే, బఫే వైపు పంపబడేవాళ్ళు ఎప్పటివాళ్ళే అవుతారు.

ఈ ఆలోచనలతో ఆలంపూర్ మ్యూజియంలోకి వెళితే అక్కడ లజ్జాగౌరి కనిపిస్తుంది. బాదామి చాళుక్యుల కాలపు శిల్పం. తల ఉండాల్సిన చోట పద్మం, ఎడంగా మడిచిన కాళ్ళు, ఒంటిమీద నూలుపోగు లేదు. పక్కనే, 2005లో కట్టిన గుడిలో జోగులాంబకి పట్టుచీరల అలంకారం. నాగార్జునకొండలో దొరికిన ఇలాంటి ప్రతిమ మీద శాసనం ఉంది. దాన్ని చేయించింది ఇక్ష్వాకు రాణి ఖందువుల. తాను ముత్తైదువనని, బిడ్డలు బతికున్న తల్లినని ఆమె అందులో చెప్పుకుంది. సిగ్గు ప్రసక్తి లేదు. ‘లజ్జ’ పండితుల రాతల్లో తరవాత స్థిరపడిన పేరు. రాతికి చీర చుట్టలేక మాటతో కప్పారనిపిస్తుంది. మాటతో కప్పడమే డ్రస్ కోడ్ చేసే పని కూడా. ‘హుందా’, ‘సంప్రదాయం’, ‘స్మార్ట్’ అన్న మాటలు ముందు వస్తాయి. శరీరం వాటి కిందకి సర్దుకోవాలి.

ఇక మన ఇంటి సంగతి. పిహెచ్.డి. వైవాకి చీరలోనే రమ్మని నాకు సలహా ఇచ్చినవాళ్ళు స్త్రీలే. మన సభల్లో చేనేత చీర, పెద్ద బొట్టు దాదాపు యూనిఫాం అయిపోయాయి. సింథటిక్ చీరలో బస్సు దిగి వచ్చిన రచయిత్రిని వేదిక మీదకి పిలిచేముందు ఒక్క క్షణం ఆగిన చూపుల్ని నేను చూశాను. ఆ చూపుకీ, ఓడలో భోజనశాల గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి చూపుకీ తేడా ఏమిటి?

అన్నం పెట్టేచోట చేతులు కడుక్కు రమ్మనడం న్యాయం. వంటగదిలో తలకి గుడ్డ కట్టుకోమనడం అవసరం. అంతకు మించి అడిగే ప్రతి నియమాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఇది ఎవరిని బయట నిలబెట్టడానికి? ఆ ప్రశ్న మన తరవాతి సభ భోజనాల వరసలోనే మొదలుపెడదాం.