ముందుమాట: ముప్పై తొమ్మిది అంకెలు

170141183460469231731687303715884105727.

127 రెండ్లను వరసగా గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలే సంఖ్య ఇది. ఇది ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ లూకాస్ 1876లో తేల్చాడు. 1951 దాకా ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. ఈ ఒక్క సంఖ్య మీద తెలుగులో ఏకంగా ఒక పుస్తకం వస్తోందంటే లెక్కలు చెప్పి ముసలివాణ్ణయిన నాకు పండగే.

పెద్ద సంఖ్యల మీద రాసేవాళ్లు చాలామంది వాటి పొడవు చూపించి పాఠకుణ్ణి హడలగొడతారు. ఈ గ్రంథకర్త్రి, నా మనవరాలి ఈడు పిల్ల, ఆ జోలికి పోలేదు. అసలు ప్రశ్నే పట్టుకుంది: భాగించి చూడకుండా ఎలా తెలిసింది? దీని వర్గమూలానికే 20 అంకెలు. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించుకుంటూ పోవడం ఏ మనిషి ఆయుష్షుకూ అందే పని కాదు.

లూకాస్ వేసిన దారిని 1930లలో డి. హెచ్. లేమర్ సుగమం చేశాడు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి, మళ్లీ అదే పని. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్న వస్తే అది ప్రధానం. 31 అంటే 2⁵−1 కనుక మూడే మెట్లు: 4 నుంచి 14, దాన్నుంచి 194, అంటే శేషం 8, ఆపైన 62, అంటే సున్న. మన సంఖ్యకు 125 మెట్లు చాలు!

2¹¹−1, అంటే 2047కు ఇదే లెక్క కడితే చివర 1736 మిగులుతుంది. కనుక అది ప్రధానం కాదు. అయితే దాని కారణాంకాలు 23, 89 అని మాత్రం ఈ పద్ధతి చెప్పదు. లూకాస్ 1876లోనే 2⁶⁷−1 ప్రధానం కాదని చూపాడు. 1644లో మెర్సెన్ దాన్ని ప్రధానాల జాబితాలో చేర్చి ఉన్నాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ చెప్పేదాకా లోకానికి తెలియలేదు. కారణాంకం ఒక్కటీ చేతికందకుండానే ఉందని రుజువు కావడం! ఈ అబ్బురాన్ని ఆమె ఎక్కడా పలచన కానివ్వలేదు.

హనోయి గోపురం ఆట కూడా లూకాస్ సృష్టే, 1883 నాటిది. 127 బిళ్లలతో ఆడితే కావలసిన కనీస ఎత్తుల సంఖ్య సరిగ్గా మన ముప్పై తొమ్మిది అంకెలదే. ఆ ఆట చుట్టూ అల్లిన కథలోని గుడి మన కాశీలోది. ఆ పేజీలు నాకు మరీ ఇష్టం.

కంప్యూటర్ల అధ్యాయం మాత్రం హడావుడిగా ముగిసింది. 2024లో దొరికిన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1కు 4,10,24,320 అంకెలు. దాన్ని రెండు వాక్యాల్లో దాటేయడం న్యాయం కాదమ్మా, మలిముద్రణలో పెంచు. నీకు నా ఆశీస్సులు.

పాఠకులు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోవాలి. ముందు 2⁷−1కు లెక్క కట్టండి, అయిదే మెట్లు. వచ్చేది 127, మన సంఖ్య ఘాతాంకమే. ఇప్పుడు మన సంఖ్యనే ఘాతాంకంగా పెడితే వచ్చేది ప్రధానమా కాదా అన్నది ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు.