కన్యాశుల్కం: గుణమా, పరిస్థితా?



'అగ్నిహోత్రావధానులు పాత్రను చిత్రించండి' అని పరీక్షలో అడిగితే మనలో చాలామంది మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేస్తాం: ఇతడు క్రూరుడు, ధనాశాపరుడు, మూర్ఖుడు. నేనూ చాలా ఏళ్లు తరగతిలో అలాగే చెప్పాను. ఒకసారి సంపర్క తరగతిలో నలభై ఏళ్లు దాటిన ఒక విద్యార్థిని లేచి, "నాకు పధ్నాలుగేళ్లకే పెళ్లి చేశారండీ. మా నాన్న క్రూరుడేమీ కాదు. మా వీధిలో అందరూ అలాగే చేశారు" అన్నది. ఆమె తండ్రిని సమర్థించలేదు. నా బోధనలో ఉన్న లోపాన్ని చూపించింది. ఆ రోజు ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఎదుటివారు చేసిన పనికి వారి గుణమే కారణమనుకొని, వారున్న పరిస్థితిని తక్కువగా లెక్కవేయడం మనందరికీ ఉన్న అలవాటు. దీనికి 1977లో లీ రాస్ అనే మనోవిజ్ఞానవేత్త పెట్టిన పేరును తెలుగులో 'మౌలిక ఆపాదన దోషం' అనవచ్చు. పాత్రచిత్రణ రాసేటప్పుడు మనం తరచుగా చేసే తప్పు ఇదే.

గురజాడ అప్పారావు ఈ తప్పు చేయలేదు. కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ఆ తొలి ముద్రణకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికను గమనించండి. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇన్ని ఇళ్లలో ఇన్ని పెళ్లిళ్లు జరిగినప్పుడు ప్రతి తండ్రీ పుట్టుకతో దుర్మార్గుడని అనగలమా? చుట్టూ ఉన్న పదిమందీ చేస్తున్న పని తప్పుగా తోచదు. పైగా చేయనివాడే వింతగా కనిపిస్తాడు. అగ్నిహోత్రావధానులు నిలబడిన నేల అది.

ఇక గిరీశాన్ని చూడండి. వెంకటేశం ముందు గొప్ప ఇంగ్లీషు పండితుడు, అవధానుల ముందు కోర్టు కాగితాలకు పనికొచ్చే బుద్ధిమంతుడు, బుచ్చమ్మ ముందు వితంతువుల పక్షపాతి, సౌజన్యారావు ముందు సంస్కర్త. ఎదురుగా ఎవరుంటే వారికి నచ్చే అభిప్రాయం అతని నోట పలుకుతుంది. అతన్ని చూసి నవ్వుతాం. కానీ ఇంట్లో ఒక మాట, ఆఫీసులో ఒక మాట, పెళ్లిపందిట్లో ఇంకొక మాట మనం మాట్లాడమా?

నాటకంలో అందరికన్నా మంచివాడైన సౌజన్యారావు పంతులు కూడా దీనికి అతీతుడు కాడు. వేశ్యల ముఖం చూడకూడదన్నది ఆయన నియమం. మధురవాణి మగవేషంలో వచ్చి మాట్లాడితే మర్యాదగా విన్నాడు. ఆమె బుద్ధి అంతకు ముందూ అదే, ఆ తరువాతా అదే. మారింది వేషం ఒక్కటే. అంటే అంతవరకు ఆయన తీర్పు చెప్పింది మనిషి మీద కాదు, ఆమెకు తగిలించిన పేరు మీద. 1909 నాటి రెండవ కూర్పులో మధురవాణి పాత్రను ఎంతో పెంచిన గురజాడ, ఈ సన్నివేశంతో చదువరి తీర్పును కూడా పరీక్షకు పెట్టాడని నా అభిప్రాయం.

అయితే అంతా పరిస్థితుల ప్రభావమేనని అవధానులను వదిలేయవచ్చునా? వీల్లేదు. వెంకమ్మ ఉన్నదీ అదే ఇంట్లోనే. బుచ్చమ్మ వైధవ్యం కళ్లారా చూసిన ఆ తల్లి సుబ్బి పెళ్లిని ఎదిరించి నూతిలో పడింది. కరటకశాస్త్రి మేనకోడలి కోసం మాయపెళ్లి పన్నాగం పన్నాడు. అందరికన్నా తక్కువ స్వేచ్ఛ ఉన్న మధురవాణి ఆ పిల్ల కోసం తన నేర్పునంతా ఉపయోగించింది. ఒకే పరిస్థితిలో వేర్వేరు నిర్ణయాలు సాధ్యమైనప్పుడు బాధ్యత కూడా మిగిలే ఉంటుంది. అవధానులకు బిడ్డ గతి తెలియక కాదు, ఇంట్లోనే ఉన్న సాక్ష్యాన్ని చూడనన్నాడు. అతని తప్పు అక్కడుంది.

నాటకంలో ఒక లోటు కూడా చెప్పాలి. ఎవరి పెళ్లి చుట్టూ ఇంత కథ నడిచిందో ఆ సుబ్బికి మాట్లాడే చోటు దాదాపు లేదు. అందరి మీదా పరిస్థితి పనిచేసిన తీరు చూపిన నాటకం, ఆ భారమంతా మోసిన పిల్ల మనసులోకి మాత్రం తొంగిచూడలేదు.

కాబట్టి పాత్రచిత్రణ రాసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి చుట్టూ ఎవరున్నారు? వారు దేన్ని మామూలు సంగతి అనుకుంటున్నారు? అదే చోట వేరే దారి పట్టినవారు ఎవరైనా ఉన్నారా? మొదటి రెండూ మనిషిని అర్థం చేసుకోవడానికి, మూడోది తీర్పు చెప్పడానికి. ఆ విద్యార్థినికి ఆనాడు నేను చెప్పవలసిన జవాబు ఇదే: మీ నాన్నగారు క్రూరుడు కాకపోవచ్చునమ్మా, మీకు జరిగింది మాత్రం అన్యాయమే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: మీ ఊళ్లో ఇవాళ అందరూ చేస్తున్నందువల్ల తప్పుగా తోచని పని ఒకటి చెప్పండి. దాన్ని కాదన్నవారు ఎవరైనా ఉన్నారా? పది వాక్యాల్లో రాయండి.