తన్నే కాలు, నిలిచే కాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి వచ్చిందంటే కబడ్డీ పోటీలు పెట్టాల్సిందే. కూతకెళ్ళినవాడు కాలు విసరగానే జనం కళ్ళన్నీ ఆ కాలి మీదికే పోతాయి. నేనైతే నేల మీదున్న రెండో కాలును చూడమంటాను.

ఆ మాటకొస్తే బోనస్ పాయింటు మొత్తం ఒంటికాలి లెక్కే. నడిగీత నుంచి 3.75 మీటర్ల దూరాన బాక్ లైన్, అక్కణ్ణించి ఇంకో మీటరుకు బోనస్ లైన్. ఎదుట కనీసం ఆరుగురు ఉన్నప్పుడు ఒక పాదం ఆ గీత దాటాలి, ఆ క్షణాన వెనక పాదం గాల్లో ఉండాలి. ఒంటి బరువంతా ముందుకాలి మీద ఆపి, మూలనున్నవాడు చీలమండ అందుకునేలోపు వెనక్కి లాక్కోవాలి. కుడికాలితో ఇది అవలీలగా చేసే కుర్రాడు ఎడమకాలితో తడబడతాడు. రెండు కూతలు చూస్తే చాలు, ఎదుటి జట్టు ఆ సంగతి పసిగట్టేస్తుంది.

ఎడమకాలి తన్ను పొట్టిగా పడుతోందనుకోండి. కోచ్ ఆ కాలితోనే పదేపదే తన్నిస్తాడు. కానీ లోపం చాలాసార్లు కుడి తుంటిలోనో కుడి మోకాల్లోనో ఉంటుంది. వంగి బరువు మోయలేక కుడికాలు తూలుతుంటే, ఎడమ పాదం పూర్తిగా చాచకముందే కిందికి దిగిపోతుంది. తిట్లు మాత్రం ఎడమకాలికి.

మంచు మీద ఆడే ఐస్ హాకీలోనూ ఇదే చిక్కు. అక్కడ స్కేటు అడుగున ఉన్న ఉక్కు పలక లోపలి అంచుతో పక్కకు, వెనక్కి నెడతారు. ఆ సేపు రెండో కాలు మోకాలు వంచి జారుతూ బరువు మోస్తుంది. అది గట్టిగా నిలవకపోతే నెట్టే కాలు తన పని సగంలో వదిలేసి వచ్చేస్తుంది. అందుకే కుడి, ఎడమ అడుగుల చప్పుడు ఒకే ఎడంతో వినిపించకపోతే లోపం చెవితోనే కనిపెట్టొచ్చు.

మన మట్టి కోర్టులో చెవితో పనిలేదు. నీళ్ళు చల్లి చదును చేసిన నేల మీద రైడర్‌ను ఒంటరిగా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపిస్తే అడుగుజాడలే చెబుతాయి. ఒక పాదం లోతుగా దిగి, రెండోది మునివేళ్ళ గుర్తు మాత్రమే వదిలితే రోగం దొరికినట్టే. మ్యాట్ మీద ఈ సౌకర్యం లేదు. పైగా అక్కడ బూటు గట్టిగా పట్టేయడం వల్ల ఒళ్ళు తిరిగినప్పుడు మెలి భారం నిలిచిన మోకాలి మీద పడుతుంది.

  

ఈ లోపం సరిదిద్దే సాధనకు ఖర్చేమీ లేదు. ఒంటికాలి మీద సగం వంగి నిలబడి, రెండో పాదంతో ముందుకు, పక్కకు, వెనక్కి నేల తాకి రావాలి. తర్వాత అలవాటు లేని వైపు నుంచి కూతకెళ్ళాలి. ఇదంతా ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు, సాధన మొదట్లోనే చేయించాలి. చివర్లో పెడితే అలిసిన కుర్రాడు మళ్ళీ అలవాటైన కాలి మీదికే పోతాడు.